పావు డాలరు చీకటి

*పత్రికల్లో చోటు దొరకని కథలను 1933లో సొంత ఖర్చుతో అచ్చు వేసుకుని, ఇంటి నుంచే అమ్ముకున్నాడు కాలిఫోర్నియా కవి క్లార్క్ ఆష్టన్ స్మిత్. హైస్కూలుకు వెళ్ళకుండా నిఘంటువు చదువుకున్న మనిషి అతను. భయమూ కవిత్వమూ ఒకే గొంతుతో పలికే అతని రచనలను తెలుగు పాఠకుల చేతికి అందించాలని ఈ కథనం.*

సముద్రాన్ని ఆనుకుని ఒక పాలరాతి ఇల్లు. అందులో ఒక ముసలి మాంత్రికుడు, అతని శిష్యుడు, వాళ్ళు మంత్రంతో లేపి పనికి పెట్టుకున్న ఒక పాత శవం. ఒకనాడు అలలు మూడు మూలల లోహపు పలకను ఒడ్డున వదిలి వెళ్తాయి. దాని మీది లిపి ఏ మనిషి జాతిదీ కాదు. గురుశిష్యులు పట్టువదలక దాని అర్థం రాబడతారు. మనుషుల కంటే ముందు భూమిని ఏలిన సర్పజాతి రాసుకున్న ఆవాహన మంత్రం అది. దేన్ని పిలిచే మంత్రమో మాత్రం తెలియదు. అయినా చదువుతారు. ఏమీ జరగదు.

కొన్నాళ్ళకు శిష్యుడి కంట ఒకటి పడుతుంది. నడిచి వెళ్తున్న గురువు నీడ వెనకాల ఇంకో నీడ ఉంది. ఆ నీడ ఏ వస్తువుదో చూద్దామంటే ఏ వస్తువూ లేదు. మర్నాటికి రెండు నీడల మధ్య ఎడం కాస్త తగ్గుతుంది. ఆ మర్నాటికి ఇంకాస్త. తెలిసిన మంత్రాలన్నీ వేసి చూస్తారు, ఒక్కటీ పనిచేయదు. ఆ నీడ గురువు నీడలో కలిసిన రోజున గురువు గురువుగా మిగలడు. తర్వాత శవం వంతు. ఆఖరికి శిష్యుడి వంతు వస్తుంది. తన నీడ వెనకాల నడిచొస్తున్న దాన్ని చూస్తూ అతను ఈ కథ రాస్తున్నాడు. రాసిన దాన్ని ఒక లోహపు గొట్టంలో పెట్టి మూత బిగించి సముద్రంలోకి విసిరేయాలని అతని ఆలోచన.

ఈ కథ పేరు 'ద డబుల్ షాడో'. నెత్తురు చుక్క కనిపించదు, తలుపులు కిర్రుమనవు. చదువుతుంటే మన లోపల ఒక లెక్క నడుస్తుంది: మూరెడు, జానెడు, బెత్తెడు, వేలెడు. భయాన్ని ఇంత నిదానంగా కొలిచి వడ్డించిన కథలు నేను చదివినవి చాలా తక్కువ. ఆ నిదానం పద్యం రాసే చేతికే వస్తుందని నా నమ్మకం. స్మిత్ మొదట కవి, చివరి దాకా కవి. కథలు మధ్యలో వచ్చాయి.

నిఘంటువే బడి

క్లార్క్ ఆష్టన్ స్మిత్ 1893 జనవరి 13న కాలిఫోర్నియాలోని లాంగ్ వ్యాలీలో పుట్టాడు. సియెర్రా నెవాడా కొండల పాదాల దగ్గర, ఒకప్పుడు బంగారం కోసం జనం ఎగబడిన ప్రాంతంలో ఆబర్న్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి బయట తల్లిదండ్రులు కట్టుకున్న చెక్క ఇంట్లోనే అతని జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. కరెంటు లేదు, కుళాయి లేదు. ఎనిమిదో తరగతి దాకా పల్లెటూరి బళ్ళలో చదివాడు. హైస్కూలుకు అర్హత వచ్చినా వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని లావుపాటి ఇంగ్లీషు నిఘంటువును మొదటి పుట నుంచి చదవడం మొదలుపెట్టాడు. ప్రతి మాటకూ అర్థంతో ఆగకుండా, అది ఏ భాషలో పుట్టి ఎలా మారుతూ వచ్చిందో కూడా చదివాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా చదివాడు. చిన్నప్పుడే అరేబియన్ నైట్స్ కథలు, ఎడ్గార్ అలన్ పో కవితలు అతన్ని పట్టుకున్నాయి.

మన దగ్గర అమరకోశం వల్లె వేసి కవులైనవాళ్ళను గుర్తు తెచ్చుకుంటే ఈ చదువు ఎలాంటిదో తెలుస్తుంది. మాటను అలా మూలంతో సహా మింగినవాడు రాసేటప్పుడు మాట బరువు తూచి వేస్తాడు. 1912లో, పందొమ్మిదేళ్ళ వయసులో 'ద స్టార్-ట్రెడర్ అండ్ అదర్ పోయమ్స్' వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన ఒక ప్రచురణకర్త వేశాడు. పత్రికలు ఈ కుర్రాణ్ని కీట్స్‌తో పోల్చాయి. అప్పటికే పేరున్న కవి జార్జ్ స్టెర్లింగ్ అతనికి గురువులా అండగా నిలిచాడు. తర్వాత స్మిత్ ఫ్రెంచి కవి బోదిలేర్ కోసం ఆ భాష సొంతంగా నేర్చుకుని అతని కవితలను ఇంగ్లీషులోకి తెచ్చాడు.

పేరు వచ్చినంత వేగంగా డబ్బు రాలేదు. స్మిత్ తోటల్లో పళ్ళు కోశాడు, కట్టెలు కొట్టాడు, బావులు తవ్వాడు. ఆ పనుల మధ్యే పద్యం సాగింది.

సొంత డబ్బు, సొంత అక్షరం

1922లో 'ఎబొనీ అండ్ క్రిస్టల్' అనే కవితా సంపుటిని సొంతంగా తెచ్చాడు. ఊళ్ళోని ఆబర్న్ జర్నల్ పత్రిక ముద్రణాలయంలో 500 కాపీలు అచ్చయ్యాయి. ప్రతి కాపీ మీదా సంతకం చేశాడు. ప్రెస్సు బాకీ తీర్చడానికి అదే పత్రికకు శీర్షిక రాసిచ్చాడు. 1925లో 'శాండల్‌వుడ్' వచ్చింది. ఈసారి 250 కాపీలే.

తెలుగు కవికి ఈ అంకెలు విడమరిచి చెప్పక్కర్లేదు. ఐదొందల కాపీలు, ప్రెస్సుకు వాయిదాల్లో చెల్లింపు, ఆవిష్కరణ సభలో పంచగా మిగిలినవి మంచం కింద కట్టలు. తెలుగు కవిత్వం చాలావరకు ఇలాగే బతికింది, ఇప్పటికీ ఇలాగే బతుకుతోంది. "సొంతంగా వేసుకున్నాడట" అని ఎవరైనా పెదవి విరిచినప్పుడు నాకు బాధగా ఉంటుంది. తన అక్షరానికి తానే పూచీ పడ్డాడని ఆ మాటకు అర్థం. స్మిత్ విషయంలో ఆ పూచీ ఎంత దూరం వెళ్ళిందో 1933లో తెలిసింది.

అప్పటికి అతను కథల్లోకి వచ్చి నాలుగేళ్ళు. తల్లిదండ్రులు ముసలివాళ్ళయ్యారు, ఇల్లు గడవాలి. చవక కాగితం మీద అచ్చయ్యే కథల పత్రికలకు రాయమని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. 1929 నుంచి ఐదారేళ్ళలో వంద దాకా కథలు రాశాడు. 'వియర్డ్ టేల్స్', 'వండర్ స్టోరీస్' లాంటి పత్రికలు వాటిని వేసుకున్నాయి. మాటకు ఇంత అని లెక్కగట్టి, అదీ ఆలస్యంగా, పారితోషికం ఇచ్చేవి. కథలో గొడవ ముందుకు రావాలి, వర్ణన తగ్గాలి అని సంపాదకులు అడిగేవారు. కొన్ని కథలు అతను దిద్ది ఇచ్చాడు. కొన్ని ఎంత దిద్దినా వాళ్ళకు నచ్చలేదు. కవిత్వం ఎక్కువైందన్నది తరచు వచ్చే ఫిర్యాదు.

అలా మిగిలిపోయినవే ఎక్కువగా ఉన్న ఆరు కథలను ఏరి, ముప్పై పుటల చిన్న పుస్తకంగా ఆబర్న్ జర్నల్ ప్రెస్సులోనే వేయించాడు. పేరు 'ద డబుల్ షాడో అండ్ అదర్ ఫాంటసీస్'. వెయ్యి కాపీలు. వెల పాతిక సెంట్లు, అంటే పావు డాలరు. అప్పట్లో వియర్డ్ టేల్స్ సంచిక వెల కూడా అంతే. అచ్చయ్యాక తప్పులు కనిపిస్తే కలం తీసుకుని కాపీల్లో చేత్తో దిద్దాడు. అది గుర్తొచ్చినప్పుడల్లా నా మనసు మెత్తబడుతుంది. పావు డాలరు పుస్తకం, చవక కాగితం, అందులో ఒక అక్షరం తప్పు పడిందని కలం సిరాలో ముంచిన మనిషి. ఏళ్ళ తరబడి ఆ కాపీలను తానే టపాలో పంపుతూ అమ్ముకున్నాడు. కొన్నేళ్ళకు అందులోని కొన్ని కథలను వియర్డ్ టేల్స్ వరసగా అచ్చువేసుకుంది. 'ద డబుల్ షాడో' 1939 ఫిబ్రవరి సంచికలో వచ్చింది.

చచ్చినవాళ్ళ మీద జాలి

మన అలంకారశాస్త్రం భయానకాన్ని నవరసాల్లో ఒకటిగా లెక్కపెట్టింది. పక్కనే బీభత్సాన్ని, అద్భుతాన్ని నిలబెట్టింది. స్మిత్ కథల్లో ఈ మూడూ కలిసి నడుస్తాయి. నడిచి నడిచి చివరికి కరుణ దగ్గర ఆగుతాయి. అతన్ని మామూలు దెయ్యం కథల రచయితల నుంచి వేరుచేసేది ఈ ఆఖరి అడుగే.

'ది ఎంపైర్ ఆఫ్ ద నెక్రోమాన్సర్స్' కథలో ఇద్దరు మాంత్రికులు తెగులు సోకి తుడిచిపెట్టుకుపోయిన ఒక రాజ్యానికి వస్తారు. ఎడారిలో ఎముకల్ని, సమాధుల్లో శవాల్ని లేపుతారు. రాజులూ రాణులూ సైనికులూ లేచి వాళ్ళిద్దరికీ ఊడిగం చేస్తారు. ఇంకొకరైతే ఆ శవాలు మన మీదికి వస్తున్నట్టు రాసేవారు. స్మిత్ మనల్ని శవాల పక్షాన నిలబెడతాడు. వాళ్ళకు ఆకలి లేదు, కోపం కూడా సరిగా లేదు. తమ నుంచి ఏదో లాక్కున్నారన్న మసక జ్ఞాపకం మాత్రం ఉంది. లాక్కున్నది చావును. ఆ వంశపు ఆఖరి చక్రవర్తి ఆ మసకలోంచి నెమ్మదిగా తెలివి తెచ్చుకుని, తన వాళ్ళందరికీ రెండో చావు ఎలా సంపాదించి పెట్టాడన్నదే కథ. చదివాక నాకు భయం కంటే ఊరట ఎక్కువ కలిగింది. చావు ఒక హక్కు అని ఇంత నిశ్శబ్దంగా చెప్పిన కథ ఇది.

'జీథ్రా' ఇంకా లోతైనది. మేకలు కాసుకునే ఒక కుర్రాడు కొండ గుహలోకి వెళ్ళి ఒక తోట చూస్తాడు, అక్కడి పండు తింటాడు. తాను ఎప్పుడో ఒక రాజ్యానికి రాజునన్న జ్ఞాపకం లేస్తుంది. ఆ రాజ్యాన్ని వెతుక్కుంటూ పోతే అక్కడ మిగిలింది ఇసుక, శిథిలం. చీకటి దేవుడి దూత వచ్చి బేరం పెడతాడు: రాజ్యం తిరిగి ఇస్తాను, కాని ఎప్పుడైనా మళ్ళీ మేకలు కాసుకునే బతుకు కావాలని కోరుకున్నావా, అంతా పోతుంది. కుర్రాడు ఒప్పుకుంటాడు. రాజ్యం వస్తుంది. దాని వెనకాలే కరువు, తెగులు కూడా వస్తాయి. ఒకనాడు ఎవరో పిల్లనగ్రోవి ఊదుతుంటే అతని మనసు కొండ మీది మేకల దగ్గరికి పోతుంది. బేరం ముగిసిపోతుంది. ఇకమీదట అతనికి రాజ్యం మీద బెంగ, మేకల మీద బెంగ, రెండూ ఉంటాయి. ఏదీ దొరకదు. ఆ చీకటి దేవుడు అతన్ని ముట్టుకోనైనా అక్కర్లేదు, నరకం అప్పటికే మొదలైంది. ఊరు వదిలి పట్నం వచ్చి, పట్నంలో ఊరి కోసం, ఊరెళితే పట్నం కోసం తపించే మనలో ఎవరికైనా ఈ కథ గుచ్చుకుంటుంది.

కాటి సీను గుర్తుందా?

భయమూ కవిత్వమూ ఒకచోట ఎలా ఇముడుతాయని ఎవరైనా అడిగితే నేను హరిశ్చంద్ర నాటకం వైపు చూపిస్తాను. చిన్నప్పుడు తిరునాళ్ళలో అర్ధరాత్రి దాటాక కాటి సీను వచ్చేది. పెట్రోమాక్స్ వెలుగు తగ్గించి, హార్మోనియం మంద్రంలో పట్టేవారు. నటుడు జాషువా 'శ్మశానవాటి' పద్యాలు ఎత్తుకోగానే చాప మీద కునుకుతున్న ముసలివాళ్ళు కూడా లేచి కూర్చునేవారు. ఒళ్ళు జలదరించేది. మళ్ళీ పాడమని కేకలు వేసేవాళ్ళు. జనం శ్మశానానికి 'వన్స్ మోర్' కొట్టడం నేను కళ్ళారా చూశాను. ఆ పద్యాల్లో దెయ్యం ప్రధానం కాదు. కవి, ఇల్లాలు, రాజు, పసిబిడ్డ ఒకే నేలలో కలిసిపోయారన్న ఎరుక ప్రధానం. భయం అక్కడి నుంచి పుడుతుంది, దుఃఖంగా మారుతుంది.

స్మిత్ కవిత్వం పుట్టిన చోటు కూడా అదే. అతని పెద్ద కవిత 'ద హషీష్-ఈటర్' 1920లో రాసింది, 'ఎబొనీ అండ్ క్రిస్టల్'లో అచ్చయింది. ఆరు వందల పంక్తులకు దగ్గరగా ఉంటుంది. కలల లోకాలన్నిటికీ తానే ఏలిక అనుకునే ఒక గొంతు ఒక్కో లోకాన్నీ మన ముందు పరుస్తూ పోతుంది. నగరాలు, తోటలు, నక్షత్రాల మధ్య యుద్ధాలు. సగం దాటేసరికి ఆ లోకాలు ఏలిక మీదికే తిరగబడతాయి. అతను పారిపోతాడు, అతను ఊహించుకున్న ప్రతి జీవీ వెంటాడుతుంది. ఊహను పెంచి పోషించినవాడికి ఊహే శత్రువైతే ఎలా ఉంటుందో ఆ పరుగులో వినిపిస్తుంది. స్మిత్ కవిత్వం చదివే భయానక కథల రచయిత హెచ్.పి.లవ్‌క్రాఫ్ట్ 1922 ఆగస్టులో అతనికి మొదటి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాలు 1937లో లవ్‌క్రాఫ్ట్ చనిపోయేదాకా సాగాయి. ఇద్దరూ ఒక్కసారి కూడా కలుసుకోలేదు.

స్మిత్ వచన కవితలు కూడా రాశాడు. అరపేజీ, పేజీ. కథకూ పద్యానికీ మధ్య ఉన్న గట్టు మీద అతను నడిచిన నడక వాటిలో బాగా కనిపిస్తుంది. తన కథల్లో వాక్యపు లయ, ఉపమ, మాటల ధ్వని కలిసి చదివేవాడి మీద మంత్రంలా పనిచేయాలన్నది అతని ఉద్దేశం. అందుకే సంపాదకుడు వర్ణన తగ్గించమంటే అతనికి ప్రాణం పోయినంత పనయ్యేది. మంత్రంలో అక్షరం తీసేస్తే ఏం మిగులుతుంది?

మాంత్రికులు మనకు కొత్తా?

తెలుగు పాఠకుడికి స్మిత్ లోకంలో అడుగుపెట్టడం కష్టం కాదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియళ్ళ మీద పెరిగిన తరం మనది. తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం. వాటికి చిత్రా గారి బొమ్మలు. సీరియల్ మీద రచయిత పేరు కూడా ఉండేది కాదు, అయినా నెల తిరిగేసరికి పిల్లలం పోస్టుమాను కోసం గుమ్మంలో నిలబడేవాళ్ళం. స్మిత్ సృష్టించిన 'జోథిక్' ఆ లోకానికి దూరపు చుట్టం. సూర్యుడు ముసలివాడై ఎర్రబడిన కాలంలో భూమి మీద మిగిలిన ఆఖరి ఖండం అది. విజ్ఞానం మరుగున పడింది, మంత్రం తిరిగొచ్చింది. చందమామలో మాంత్రికుడు చివరికి ఓడతాడు, వీరులు ధూమకుడూ సోమకుడూ ఇల్లు చేరతారు. జోథిక్‌లో ఇల్లు చేరేవాళ్ళు తక్కువ.

యండమూరి 'తులసిదళం' చదివి రాత్రి నిద్ర పట్టనివాళ్ళకు ఇంకో తేడా తెలుస్తుంది. అక్కడి భయం మన పక్కింట్లో ఉంటుంది. స్మిత్ భయం లక్షల ఏళ్ళ అవతల ఉంటుంది. అంత దూరం నుంచి మన దాకా రావడానికి అతను మాటలతో వంతెన కట్టాలి. ఆ కట్టడం చూడటమే సగం ఆనందం.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి పుస్తకంగా 2014లో పెంగ్విన్ క్లాసిక్స్ వేసిన 'ద డార్క్ ఐడోలన్ అండ్ అదర్ ఫాంటసీస్' తీసుకోండి. కథలు, వచన కవితలు, పద్యాలు మూడూ ఒకే అట్టల మధ్య ఉన్నాయి. దానికి సంపాదకుడు ఎస్.టి.జోషి. పుణేలో పుట్టి అమెరికాలో స్థిరపడి, ఈ తరహా సాహిత్యానికి జీవితాన్ని ధారపోసిన మనవాడు. కథలన్నీ కావాలనుకునేవాళ్ళకు నైట్ షేడ్ బుక్స్ వేసిన అయిదు సంపుటాలున్నాయి. పత్రికల కోసం కత్తిరించిన చోట్ల రచయిత అసలు పాఠాన్ని తిరిగి నిలబెట్టిన సంపుటాలవి.

చదివే వరస నన్నడిగితే ముందు 'ద డబుల్ షాడో'. తర్వాత 'జీథ్రా'. మూడోది 'ద సిటీ ఆఫ్ ద సింగింగ్ ఫ్లేమ్'. సియెర్రా కొండల్లో స్మిత్ తిరిగిన ఒక రాతి గట్టు మీదే ఆ కథ మొదలవుతుంది. ఇంకో లోకంలో పాడే మంట ఒకటి ఉంటుంది. విన్నవాళ్ళు పురుగుల్లా వెళ్ళి అందులో దూకుతారు. రే బ్రాడ్‌బరీ తనను రచయితను చేసిన కథల్లో ఒకటిగా దీన్ని చెప్పుకున్నాడు. ఈ మూడూ అయ్యాక పద్యాల్లోకి వెళ్ళండి. రోజుకు ఒకటి, పైకి చదవండి.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఇతని ఇంగ్లీషు బరువైనది. మొదటి పది పుటల్లో నిఘంటువు చాలాసార్లు తెరవాల్సి వస్తుంది. మను చరిత్ర టీకాతో చదివినట్టు చదవాలి. సంభాషణలు గ్రాంథికంగా, ఒకే మనిషి మాట్లాడినట్టు ఉంటాయి. స్త్రీలు ఎక్కువగా మోహినులుగానో మంత్రగత్తెలుగానో వస్తారు, మనుషులుగా తక్కువ. తూర్పు దేశాలను అతను పుస్తకాల్లోంచి ఊహించుకున్నాడు, ఆ ఊహలో ఆనాటి అమెరికా చూపు ఉంది. ఇవన్నీ తెలిసే నేను ఈ పుస్తకం చదవమంటున్నాను. ఒక్కో వాక్యం మీద ఇంత పని చేసిన భయానక రచయిత దొరకడం అరుదు.

అల తెచ్చిన గొట్టం

1935లో తల్లి పోయింది. 1937లో లవ్‌క్రాఫ్ట్, అదే ఏడాది చివర తండ్రి. ఆ తర్వాత స్మిత్ కథలు రాయడం బాగా తగ్గించేశాడు. ఆ చుట్టుపక్కల దొరికే మెత్తని రాళ్ళను చెక్కి వింత తలలు, జంతువులు చేశాడు. పద్యం మాత్రం మానలేదు. 1942లో ఆర్కమ్ హౌస్ అతని కథల తొలి పెద్ద సంపుటి 'అవుట్ ఆఫ్ స్పేస్ అండ్ టైమ్' తెచ్చింది. అరవై ఏళ్ళు దాటాక, 1954లో పెళ్ళి చేసుకుని పసిఫిక్ గ్రోవ్‌కు మారాడు. ఆబర్న్ ఇల్లు 1957లో కాలిపోయింది. 1961 ఆగస్టు 14న స్మిత్ చనిపోయాడు. అతని అస్థికలను పాత ఇంటి దగ్గరి ఒక బండరాయి చెంత పాతిపెట్టారు.

ఇప్పుడు మళ్ళీ ఆ మొదటి కథ దగ్గరికి వస్తాను. నీడ దగ్గరకొచ్చేసిన శిష్యుడు తప్పించుకునే ఆశ వదిలేసుకున్నాడు. అయినా కూర్చుని రాశాడు. రాసింది నీళ్ళలో తడవకుండా గొట్టంలో పెట్టాడు. ఎవరికి చేరుతుందో అతనికి తెలియదు. చదివేవాడి భాష ఏదో కూడా తెలియదు. ఈ కథ రాసిన మనిషి కూడా అదే పని చేశాడు. పత్రికలు తలుపు వేశాక వెయ్యి కాపీలు అచ్చు వేసి, తప్పులు దిద్ది, టపాలో వేశాడు.

తొంభై ఏళ్ళు దాటింది. ఆబర్న్ నుంచి వచ్చిన ఆ గొట్టం ఇప్పుడు మన ఒడ్డున ఉంది. మూత తీసి చదవండి. తర్వాత మీ ఊళ్ళో సొంతంగా పుస్తకం వేసుకుని సంచీలో పెట్టుకు తిరుగుతున్న కవి ఎదురైతే, ఉచితంగా ఇస్తానన్నా వెల చెల్లించి ఒక కాపీ తీసుకోండి. అదీ ఎవరో అలల్లోకి విసిరిన గొట్టమే.